మూసిన తలుపుల వెనక నిత్యపూజ

2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనం ఆపేశారు. అయిదు రోజులకు దేశమంతా లాక్‌డౌన్. ఆదివారమొస్తే కాలు మోపే సందుండని మన చౌడేపల్లె బోయకొండ గంగమ్మ సన్నిధికీ జనం రాకడ నిలిచిపోయింది. జూన్‌లో ఆలయాలు మళ్లీ తెరుచుకునేదాకా భక్తులు ఇళ్ల నుంచే దణ్ణం పెట్టుకున్నారు. అన్ని రోజులూ తిరుమలలో సుప్రభాతం తప్పలేదు, వేళకు నైవేద్యం తప్పలేదు, రాత్రి ఏకాంత సేవ తప్పలేదు. చూసేవాళ్లు లేరని స్వామి కైంకర్యం ఒక్క పూట కూడా ఆగలేదు.

దేహమే దేవాలయమని పెద్దలంటారు. ఆ రోజుల్లో మన ఇళ్ల తలుపులూ మూసుకున్నాయి. మరి ఈ గుళ్లో నిత్యపూజ ఎలా సాగింది? చాలామందికి వేళ తప్పింది. పొద్దుటి టిఫిను పదకొండింటికి, అన్నం మూడింటికి, నిద్ర అర్ధరాత్రి దాటాక. కాళ్లకు నడక లేదు. దిగులు పుట్టినప్పుడల్లా చెయ్యి చిరుతిండి డబ్బా మీదికి పోయింది. ఇంకొన్ని ఇళ్లలో కూలి పోయి, డబ్బాలే ఖాళీ అయ్యాయి. అందుకే ఆ ఏడాది కొందరు లావెక్కారు, కొందరు చిక్కిపోయారు.

అప్పట్లో ఒక ఇంట్లో చూసిన సంగతి నా మనసులో నిలిచిపోయింది. పెద్దకొడుకు బెంగళూరు ఉద్యోగాన్ని ల్యాప్‌టాప్‌తో సహా ఇంటికి తెచ్చుకున్నాడు. చిన్నవాడు టమోటా తోట చూసుకుంటున్నాడు. కాయ కోసినా కొనేవాళ్లు దొరకని దిగులు వాడిది. తల్లి ఇద్దరి కంచాల్లో వేడి వేడి సంగటి ముద్దలు పెట్టి, ఊరుబిండి వేస్తూ, ‘‘నువ్వు బాగా ఒళ్లు చేసినావు నాయనా. వాడు చూడు, ఎట్ల చిక్కిపోయినాడో’’ అంది. ప్రేమగానే అంది. పెద్దవాడు ముద్దలో సగం తుంచి పక్కకు నెట్టాడు. చిన్నవాడు తల ఎత్తలేదు. ఒక్క పోలిక ఇద్దరి నోటి దగ్గర కూడునూ చేదు చేసింది.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఆసుపత్రి ఉంది. క్షయకు మందులు లేని కాలంలో విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి కోసం ఎక్కడెక్కడి రోగులో అక్కడికి వచ్చేవారు. మనిషిని కరిగించేసే జబ్బు అది. అలాంటివారికి తూకంలో ఒక కిలో పెరిగితే బతుకు మీద ఆశ పుట్టినట్టే. అదే కిలో ఇవాళ మరొకరికి కంటనీరు తెప్పిస్తోంది. ముల్లు చూపేది అంకె ఒక్కటే. దానికి దుఃఖాన్నో సంతోషాన్నో అంటగట్టేది మనసు. లాక్‌డౌన్‌లో పొద్దస్తమానం వీడియో కాల్‌లో మన ముఖం మనకే కనిపించింది. చూడగా చూడగా ఉన్న బరువు కన్నా ఊహించుకున్న బరువే ఎక్కువైంది.

1895లో ఇదే మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెప్పింది ఈ చూపు గురించే. పోల్చకుండా, తీర్పు చెప్పకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమన్నారు. తైత్తిరీయోపనిషత్తు మనిషిలో అయిదు కోశాలను చెబుతూ అన్నమయ కోశంతో మొదలుపెట్టింది. శరీరం పై పొర. అదే మన సర్వస్వం కాదు. అలాగని దాన్ని దాటవేసి లోపలికి పోయే దారీ లేదు. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు అతిగా తినడాన్నీ, తిండి మానేయడాన్నీ రెంటినీ యోగానికి అడ్డంకులుగానే లెక్కగట్టాడు.

కాబట్టి బరువు పెరిగిందా, తగ్గిందా అని తెలుసుకుందాం. అవసరమైతే షుగరు, బీపీ చూపించుకుందాం. వేళకు తిందాం, వేళకు పడుకుందాం, రోజూ కాసేపు నడుద్దాం. బోయకొండ ఎక్కేటప్పుడు ఆయాసమొస్తే సిగ్గుపడకుండా ఆగి, మళ్లీ ఎక్కుదాం. బిడ్డలను పలకరించేటప్పుడు ఒంటి మాట ఎత్తకముందు ‘మనసెట్ల ఉంది’ అని అడుగుదాం.

చాన్నాళ్లు తాళం పడిన గుడి తెరిస్తే లోపల దుమ్ము ఉంటుంది, బూజు ఉంటుంది. ఇంత పాడైపోయావేమని గుడిని ఎవరూ తిట్టరు. చీపురు తెస్తారు, నీళ్లు చల్లుతారు, దీపం పెడతారు. మన దేహానికి మనం చేయాల్సిందీ అంతే.