ఉపవాసం తర్వాతి మితం

బరువు తగ్గిన దేహానికి మునుపటంత తిండి అక్కర్లేదు. చిన్నదైన ఒంటికి శక్తి ఖర్చు తగ్గుతుంది. ఆకలిని అదుపుచేసే హార్మోన్ లెప్టిన్ పడిపోవడంతో ఆకలి మాత్రం పెరుగుతుంది. అందుకే డైటింగ్ ముగిసిన రోజునే అసలు ప్రశ్న మొదలవుతుంది: గడువున్న నియమం కష్టమా, గడువు లేని మితమా?

హైదరాబాద్ నాంపల్లిలో ఈ ప్రశ్న ఏటా ఎదురవుతుంది. యూసుఫైన్ దర్గా పరిసరాల్లో రంజాన్ నెలంతా పగలు నీళ్లైనా ముట్టనివారికి ఈద్ నాడు షీర్ ఖుర్మా సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు ఉపవాసం నిషిద్ధం. ఆ మీదట షవ్వాల్ నెలలో ఆరు ఐచ్ఛిక ఉపవాసాలున్నాయి. హిందువుల్లో ఏకాదశి ఉపవాసం ఉన్నవారికి ద్వాదశి నాడు దాన్ని విరమించే పారణ కూడా వ్రతంలో భాగమే. తిరిగి తినడానికీ ఒక మర్యాద ఉండాలని రెండు సంప్రదాయాలూ గుర్తించాయి. ఎంతో లోతైన ఆలోచన ఇది. భగవద్గీత ఆరో అధ్యాయం ప్రకారం అతిగా తినేవాడికే కాదు, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదు.

డైటింగ్ ముగించినవారు ఆచరణలో రోజువారీ తిండికి విడతకు 100 నుంచి 200 కేలరీలు కలుపుకుంటూ, రెండు మూడు వారాలు తూకం చూసి, బరువు నిలిచిన చోట ఆగాలి. ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ దోసె మానక్కర్లేదు. ఆ పూట అన్నం తగ్గిస్తే చాలు. మధుమేహానికి మందులు వాడేవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.