విధేయత, మనస్సాక్షి: కమలా ఖాన్ కథలో ధర్మసంకటం

పెద్దల మాట వినడం, ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడం రెండూ ధర్మాలే. ఒకటి మరొకదానికి అడ్డుపడితే దేన్ని పాటించాలన్నది మతచింతనలో పాత ప్రశ్న. మార్వెల్ సంస్థ 2014లో మొదలుపెట్టిన 'మిస్ మార్వెల్' కామిక్స్ ఆ ప్రశ్నను 16 ఏళ్ల అమ్మాయి ముందు పెట్టింది.

కథానాయిక కమలా ఖాన్ అమెరికాలోని జెర్సీ సిటీలో పెరిగిన పాకిస్తానీ మూలాల ముస్లిం. రచయిత్రి జి. విల్లో విల్సన్, తొలి చిత్రకారుడు ఏడ్రియన్ అల్ఫోనా. తల్లిదండ్రులు వద్దన్నా పార్టీకి వెళ్లిన రాత్రే కమలకు రూపం మార్చుకునే శక్తి వస్తుంది. తనను చులకన చేసిన తోటి విద్యార్థిని నీళ్లలో పడితే, ఒక ప్రాణం నిలిపితే మానవాళిని నిలిపినట్టేనన్న ఖురాన్ బోధ తలచుకుని కాపాడుతుంది. ఇంటి కట్టుబాటు దాటిన పిల్లను మంచిపనికి పురిగొల్పింది ఇంట్లో నేర్చిన మతమే.

తర్వాత మసీదులో మతగురువు షేక్ అబ్దుల్లా ఆమెను మందలించి ఆపడు. ఎంచుకున్న పనిని ధైర్యం, నిజాయితీ, కరుణ, ఆత్మగౌరవంతో చేయమంటాడు. చేసే పనికన్నా దాని వెనుకనున్న గుణానికి ఇక్కడ ప్రాధాన్యం.

మార్జాన్ సత్రపి గ్రాఫిక్ నవల 'పెర్సెపొలిస్' (2000–2003)లో దారి వేరు. ప్రవక్త కావాలనుకున్న ఇరాన్ బాలిక మార్జీ, తండ్రి సోదరుడికి మరణశిక్ష అమలయ్యాక దేవుణ్ణి వెళ్లిపొమ్మంటుంది. కమల విశ్వాసంలోనే మనస్సాక్షికి ఆధారం వెతుక్కుంటే, మార్జీ మనస్సాక్షి విశ్వాసాన్నే నిలదీస్తుంది.