రాతికి సాక్షి

ప్రొద్దుటూరు బంగారు అంగడిలో నగ కొనువాడు గీటురాతిమీది గీతను తన కన్నులతో చూడగలడు. సందేహము కలిగినచో వేరొక అంగడికి పోగలడు. భూమి లోపలి సంగతి అట్టిది కాదు. లోతున నున్న రాతిని రైతు చూడలేడు. పెట్టుబడి పెట్టువాడు చూడలేడు. అనుమతి నొసగు అధికారియు చూడలేడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు చెప్పినదే వారికి ప్రమాణము. అతడు రాతికి సాక్షి. అయితే ఆ సాక్షి కూలి యిచ్చిన యజమానికి బద్ధుడా? ఆ నేలపై బ్రతుకు ప్రజలకు బద్ధుడా?

కడప జిల్లాలో ఇది ఊరక పుట్టిన ప్రశ్న కాదు. 1872లో విలియం కింగ్ గ్రంథము వెలువడిన నాటి నుండి ఈ సీమ శిలలు శాస్త్రలోకమున ప్రసిద్ధములు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతముల సున్నపురాయి నాపబండలుగను సిమెంటుగను మారుచున్నది. పులివెందుల ప్రాంతమున ముగ్గురాయి, రాతినార లభించినవి. ఆ సమీపముననే తుమ్మలపల్లెలో, వేంపల్లె సున్నపురాతి పొరలలో యురేనియము కలదు. 2007లో అచట గనికి శంకుస్థాపన జరిగినది. తరువాతి కాలమున, 2018 ప్రాంతములో, వ్యర్థముల చెరువు వలన తమ బోరునీరు చెడిపోయినదని సమీప గ్రామముల రైతులు మొరపెట్టుకొనిరి. సంస్థ ఆ ఆరోపణను అంగీకరింపలేదు.

ఇట్టి వివాదమున సత్యము తేలుట ఎట్లు? యురేనియము గల రాతిలో ఊరిన నీటిలో సహజముగనే కొంత యురేనియము కరగి యుండవచ్చును. గని వలన వచ్చినదెంత, ముందే యున్నదెంత అని తెలియవలెనన్న, త్రవ్వకమునకు పూర్వము ఆ బావుల నీటిని పరీక్షించి వ్రాసిన లెక్కయే ఆధారము. ఆ లెక్క వ్రాయకున్నను, వ్రాసి బీరువాలో దాచినను, రైతుకు న్యాయము లేదు. నిర్దోషి యైనచో సంస్థకును న్యాయము లేదు.

యజమాని రహస్యమును కాపాడుట ఉద్యోగధర్మము కాదా యని కొందరు అడుగుదురు. ధర్మమే. ఖనిజ మెచట నున్నది, ఎంత యున్నది అను సమాచారమును పోటీదారునకు అమ్ముకొనుట ద్రోహము. కాని పదిమంది త్రాగు నీటి సంగతి వ్యాపార రహస్యము కాజాలదు. యజమాని ధనముపై అతనికి హక్కు గలదు. పొరుగువాని ప్రాణముపై లేదు. ఈ రెంటి నడుమ గీత గీయగల వివేకమే వృత్తిధర్మము.

యజమాని యొక్క మేలునకైనను అబద్ధము పనికిరాదు. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో గొప్ప బంగారు నిక్షేపము దొరకినదని బ్రీ-ఎక్స్ అను కెనడా సంస్థ చాటినది. 1997లో ఇతరులు పరీక్షింపగా, రాతి నమూనాలలో బంగారు రజను కలిపినట్లు బయటపడినది. నమ్మి వాటాలు కొన్నవారు సర్వము కోల్పోయిరి. రెండవవాని చేతి పరీక్ష ముందే జరిగియున్నచో ఆ మోసము అంతదూరము నడచెడిది కాదు.

శాస్త్ర సంఘములు అందులకే పుట్టినవి. 1958లో బెంగళూరున భారత భూగర్భ శాస్త్ర సంఘము ఏర్పడినది. ఇట్టి సంఘముల సమావేశములకు విలువ పూలదండల వలన రాదు. ఒకడు చెప్పినదానిని మరియొకడు నిర్భయముగ ప్రశ్నించుట వలన వచ్చును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములోని అనుభవ మంటపమున పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య సమాసనమున కూర్చుండిరి. అచట మాటకు బరువు నిచ్చినది కులము కాదు, ధనము కాదు; సత్యముతో కూడిన కాయకము. వంచనతో ఆర్జించినది దాసోహమునకు పనికిరాదని బసవాది శరణుల మతము. సత్యమును దాచి పొందిన వేతనమునకును ఈ మాట వర్తించును.

కావున ప్రొద్దుటూరున గాని, జమ్మలమడుగున గాని, పులివెందులలో గాని భూమిని గూర్చిన సదస్సు జరిగినపుడు, బోరునీరు త్రాగు రైతునకును అందు పీట వేయవలెను. “ఎప్పుడు కొలిచితిరి? ఎట్లు కొలిచితిరి? మీకు తెలియనిదేమి?” అని అతడు అడుగవలెను. మూడవ ప్రశ్నకు సంకోచింపక బదులు చెప్పగలవాడే నమ్మదగిన సాక్షి.