వరము ఒకరికి, మందిరము అందరికి

వాక్యభాగము: నిర్గమకాండము 35:20 – 36:7



గొప్ప పాటగాని, గొప్ప చిత్రముగాని ఎవరికిని తలవంచని ఒంటరి మనిషి హృదయములోనుండియే పుట్టునని లోకము చెప్పుచున్నది. సంఘమును ధిక్కరించి వెళ్లినవాడే నిజమైన కళాకారుడని మన యౌవనస్థులలో కొందరు చెప్పగా మేమును వినుచున్నాము. వాక్యమేమి చెప్పుచున్నదో చూతము.

దేవుని ఆత్మతో నింపబడెనని బైబిలులో పేరుతో మొదట చెప్పబడినవాడు యాజకుడు కాడు, ప్రవక్త కాడు. బెసలేలు అను పనివాడు. అయితే దేవుడు అతనిని ఒంటరిగా పనిలో పెట్టలేదు. యూదా గోత్రికుడైన అతనికి దాను గోత్రికుడైన అహోలీయాబును తోడుగా ఇచ్చెను. ప్రయాణములో యూదా పాళెము అందరికంటె ముందు, దాను పాళెము అందరికంటె వెనుక నడిచెను (సంఖ్యా. 10:14, 25). ముందువానిని, వెనుకవానిని దేవుడు ఒకే పనిలో కలిపెను. అంతేకాదు, ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ వారికి ఇచ్చెను (35:34). నేర్పనివాని విద్య వానితోనే సమాధియగును.

స్త్రీలు నీల ధూమ్ర రక్తవర్ణముల నూలును, మేకవెండ్రుకలను వడికిరి. వారిలో ఒక్కరి పేరును వ్రాయబడలేదు. అయినను ఆ నూలు లేనియెడల అహోలీయాబు బుటాపని ఎట్లు చేయగలడు?

అందరు కూడి చేసినదంతయు మంచిదేనా అని మీరడుగవచ్చును. కాదు. ఆ జనులే తమ బంగారు పోగులిచ్చి దూడను చేయించుకొనిరి. ఆ దినమున మోషే వారందరికి ఎదురు నిలిచెను. గుంపు త్రోవ తప్పినప్పుడు ఎదురాడుట విశ్వాసికి తగును. అయితే ఈ జనులను నశింపజేసి నిన్నే గొప్ప జనముగా చేసెదనని దేవుడు కొండమీద చెప్పినప్పుడు మోషే ఆ గొప్పతనమును కోరలేదు; ఆ జనులకొరకే బ్రతిమాలెను (32:10–14). ఎదురాడెను గాని విడిచిపోలేదు. నమ్మకమైన ఎదిరింపునకును, వట్టి తిరుగుబాటునకును భేదమిదే.

మన కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కీర్తనలు వ్రాసిరి. వాటి రాగతాళములు తరతరములుగా మనవారు పాడుకొన్నవే. ఆ కీర్తనలను నేటివరకు నిలిపినది పాడిన సంఘములే.

నేడు బెంగళూరులోను, చెన్నైలోను, బరంపురములోను, షోలాపూరులోను మన పిల్లలనేకులు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. కీర్తన వరుస అవ్వలకు తెలియును. కీబోర్డు యౌవనస్థులకు తెలియును. అక్షరములు కొందరికే తెలియును. వీరు ఒక్కచోట కూర్చుండనియెడల మన పాట ఒక తరములోనే మూగపోవును.

కాబట్టి మేము బ్రతిమాలుకొనుచున్నాము. యౌవనులారా, మీరు కట్టిన క్రొత్త పాటను మొదట మీ సంఘములో పాడుడి, దిద్దువారుంటే దిద్దనియ్యుడి. పెద్దలారా, ఆ పాటను చివరివరకు వినుడి; దిద్దుడి గాని నోరు మూయింపకుడి. నోరు మూయింపబడినవాడే గడప దాటిపోవును.

నాడు జనులు తెచ్చినది పనికి చాలినదానికంటె ఎక్కువాయెను. ఇక తేవద్దని మోషే చాటింపు వేయించెను. అట్టి దినమును ప్రభువు మన సంఘములకును దయచేయును గాక. ఆమేన్.