కొండమీది వెలుగు

బిలాస్‌పూర్ స్టేషనులో ప్లాట్‌ఫారం చివర నిలిచి చూచినవారికి రెండు పట్టాలు దూరాన కలుసుకొన్నట్లు కనిపిస్తాయి. అవి కలియవని చూచేవారికి తెలుసు. అయినను కన్ను తన మాట మార్చుకొనదు. మైకల్ కొండలమీద మబ్బుల సందునుంచి దిగే సూర్యకిరణాల సంగతీ ఇంతే. విసనకర్రవలె విప్పారినట్లు తోచే ఆ కిరణాలు నిజానికి దాదాపు సమాంతరాలు. గాలిలోని ధూళి, నీటి తుంపరలు వెలుగును చెదరగొట్టడంవల్ల వాటి దారి కనబడుతుంది. దూరం వాటిని ఒకచోట చేర్చినట్లు చూపుతుంది.

కన్నే ఇంత కల్పన చేసేటప్పుడు ఛాయాచిత్రం ఉన్నదున్నట్లు చూపాలని పట్టుపట్టడం న్యాయమా? ఈ ప్రశ్న కొత్తది కాదు. తొలినాటి ప్లేట్లు నీలికాంతికి అతిగా స్పందించేవి. భూమి సరిగా పడితే ఆకాశం తెల్లకాగితమయ్యేది. అందుచేత ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే 1850ల నడుమ కొన్ని చిత్రాలలో సముద్రాన్ని ఒక నెగెటివునుంచి, ఆకాశాన్ని మరొక నెగెటివునుంచి తీసికొని కలిపి అచ్చువేశాడు. 1927లో అమెరికాలోని యోసెమిటీలో ఆన్సెల్ ఆడమ్స్ హాఫ్ డోమ్ శిఖరాన్ని పసుపు ఫిల్టరుతో తీసి, తృప్తి చెందక, మిగిలిన ఒక్క ప్లేటును ఎర్ర ఫిల్టరుతో తీశాడు. ఆకాశం దాదాపు నల్లబడింది. కొండకు గాంభీర్యం వచ్చింది. వీరిని అబద్ధీకులనడానికి ఎవరికీ నోరు రాదు.

అయితే 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రంకోసం గిజా పిరమిడ్లను యంత్రసహాయంతో దగ్గరకు జరిపినప్పుడు పాఠకులు నొచ్చుకొన్నారు. 2020లో ఫోటోషాప్ ఒక నొక్కుతో ఆకాశాన్నే మార్చివేసే సాధనాన్ని సమకూర్చింది. నేడు కిరణాలు లేని ఉదయానికి కిరణాలు తగిలించడం బాలునికైనా సాధ్యం. లె గ్రే చేసినదానికీ దీనికీ భేదమెక్కడ?

నైయాయికులు ప్రత్యక్ష, అనుమాన, ఉపమాన, శబ్దాలను నాలుగు ప్రమాణాలుగా చెప్పారు. ఛాయాచిత్రం ప్రత్యక్షంవలె కనబడుతుంది; అందులోనే చిక్కున్నది. చూచేవాడు కొండను చూడడంలేదు, కొండను చూచి వచ్చినవాని మాటను వింటున్నాడు. అది శబ్దప్రమాణం. దాని విలువ చెప్పినవాడు ఆప్తుడా కాడా అన్నదానిమీద నిలుస్తుంది. చిత్రకారుడు ఆకాశాన్ని ఊహించి వేసినా ఎవరూ మోసపోరు, అతడు సాక్ష్యమిస్తున్నానని చెప్పలేదు గనుక. ఛాయాగ్రాహకుడు నోరు విప్పకుండానే ఆ సాక్ష్యం ఇస్తున్నాడు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచి బిలాస్‌పూరుకు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అటువంటి ఒక ఇంటిని ఊహించవచ్చును. తండ్రి ముప్పది ఏండ్లు కట్ని మార్గంలో గార్డు. ఇప్పుడు మంచం దిగలేడు. భన్వర్‌టోంక్ సొరంగం దాటినప్పటి ఉదయపు వెలుగును మరొక్కసారి చూడాలని ఆయన కోరిక. కొడుకు కెమెరాతో వెళ్ళాడు. ఆనాడు మబ్బు పట్టింది. ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుండి కొండమీదికి కిరణాలు దింపాడు. వృద్ధుడు చూచి, కండ్లు తుడుచుకొని, "ఎన్ని గంటలకు తీశావురా?" అని అడిగాడు.

గార్డు అడుగవలసిన ప్రశ్నే అది. ఏ నెలలో ఏ వేళకు ఆ గట్టుమీదికి ఎండ వస్తుందో ఆయనకు టైంటేబిలువలె తెలుసు. కొడుకు ఇప్పుడు రెండవ అబద్ధం వెదకుకోవాలి.

ముసలివాని ఆనందం నిజమేగదా, దానికి తూకమెందుకు అని అడుగవచ్చును. దీనికి బిలాస్‌పూర్ స్టేషనే ఒక జవాబు దాచుకొన్నది. 1918లో వచ్చిన రవీంద్రుని 'పలాతక' సంపుటిలో 'ఫాంకి', అనగా వంచన, అనే కవిత ఉన్నది. అందులో రోగియైన భార్య ఈ స్టేషనులో రుక్మిణి అనే పేదరాలికి ఇరువది ఐదు రూపాయలిమ్మని భర్తను కోరుతుంది. అతడు సరేనని, రెండు రూపాయలతో ఆమెను పంపివేస్తాడు. భార్య సంతోషించింది, ఆ సంతోషంతోనే కన్నుమూసింది. తరువాత అతడు రుక్మిణిని వెదకుతూ వచ్చినా ఆమె జాడ దొరకలేదు. భార్య ఆనందం అబద్ధం కాదు. కాని ఆ ఆనందంలో భర్తకు చోటు లేకపోయింది.

కాబట్టి ఎంత మార్చారన్నది కొలత కాదు. ఉన్న వెలుగును గాఢం చేయవచ్చును, నీడను తేల్చవచ్చును; లేని వెలుగును కూడ పెట్టవచ్చును, పెట్టినట్లు చెప్పి. నమ్మినవాడు అడిగినప్పుడు తలవంచుకోవలసి రాకపోతే చాలును.

ఆ కొడుకు, "ఈ రోజు మబ్బు నాన్నా, ఎండ నేను పెట్టినది" అని అసలు చిత్రాన్ని కూడ పక్కన ఉంచవచ్చును. ముప్పది ఏండ్లలో ఆ గార్డు మబ్బు పట్టిన ఉదయాలను ఎన్నింటినో చూచి ఉంటాడు. అవీ ఆయన కొండలే.