దివిసీమ మడవనమున దాసోహము



బసవేశ్వరుడు విద్యనభ్యసించి తుదకు లింగైక్యము నొందిన కూడలసంగమమున మలప్రభను కలుపుకొన్న కృష్ణవేణియే, శ్రీశైలము చెంతగా ప్రవహించి, ఉయ్యూరు ప్రాంతపు లంకలను తడిపి, పులిగడ్డకడ రెండు పాయలుగా చీలుచున్నది. ఆ పాయలకును సముద్రమునకును నడుమనున్న ద్వీపమే దివిసీమ. మాఘపౌర్ణమికి హంసలదీవి సంగమస్నానము చేయువారు వేలకొలది గలరు. నాగాయలంక దాటి, పడవనెక్కి మడ అడవిని చూచి వచ్చువారు మాత్రము కొలదిమందియే.

కరకట్ట వెంబడి పోవువారికి తోట్లవల్లూరు లంకలలో అరటి, పసుపు, కంద, చెరకు తోటలు కన్నులపండువుగా కానవచ్చును. తోట మానవుని కాయకము. నీరు కట్టి, కలుపు తీసి, పండినదానిలో జంగమునకు భాగమిచ్చి, మిగిలినది ప్రసాదముగా భుజించు రైతు ధన్యుడు. అయితే మడవనమును నాటినవాడెవడు? నీరు కట్టినవాడెవడు?

ఉప్పుబురదలో వేళ్లకు గాలి అందదు. కావున మడచెట్టు వేళ్లు మేకులవలె బురదపైకి లేచి శ్వాసించును. ఆకులు అధికమైన ఉప్పును వెలికి గ్రక్కును. నాలుకకు తాకించినచో తెలియును. ఉప్పుపొన్న తన గింజను కొమ్మమీదనే మొలకెత్తించి, జానెడు పొడవైన పిమ్మట నీటిలోనికి జారవిడుచును. చెట్టు స్థావరమే గాని దాని బిడ్డ జంగమము. పోటునీటితో సాగిపోయి ఏ ఒడ్డుననో నిలద్రొక్కుకొనును. అచ్చటనే తిల్ల వృక్షమును గలదు. చిదంబరమునకు తిల్లవనమను పేరు ఈ చెట్టు వలననే కలిగినది. దీని పాలు కంటికి చేటు గనుక పత్రికై కొమ్మ విరువరాదు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను బలిగొన్నది. అంతటి దుఃఖము చూచిన తరువాతి దశాబ్దములలోనే, రొయ్యల చెరువులకై ఈ తీరమున మడలు నరకబడినవి! 1999 ఒడిశా తుఫానును పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వెడల్పైన మడ అడవి అడ్డుగానున్న గ్రామములలో మరణములు తక్కువని తేల్చిరి.

కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజలు ఏరుకొని జీవించిన మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ వానిని వండలేదు. ఎక్కువైనవి తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. దాసోహమునకే తెచ్చితిని గదా యన్న సమాధానము ఆమెకు చాలలేదు. మరి పొరుగువాని గుడిసెకు అడ్డునున్న మడను నరికి చెరువు త్రవ్వి, ఆ రాబడిలో మఠమునకు బియ్యపు బస్తాలు పంపినవాడు లక్కమ్మ వాకిట నిలిచినచో ఆ తల్లి ఏమనును? దాత పేరు పలకపై చెక్కించుటకు ముందు మఠములును ఈ ప్రశ్న వేసికొనవలసియున్నది.

పోయినది కొంత తిరిగి వచ్చుటయు గలదు. 1989లో సుమారు 195 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనది. ఉప్పు తేలిన బీళ్లలోనికి పోటునీరు ప్రవేశించునట్లు చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, తీరగ్రామముల వారు మొక్కలు నాటిరి. అదియును కాయకమే.

పౌర్ణమినాడు పోటును పాటును అధికము. స్నానము ముగిసినవెంటనే బండి ఎక్కక, అటవీశాఖ అనుమతితో పాటువేళకు పడవలో పోయినచో, బురదనుండి లేచిన ఆ వేళ్లను పిల్లలకు దగ్గరగా చూపవచ్చును.