పురము తీర్పవలసిన ఋణము

తండ్రి చేసిన యప్పు కొడుకు తీర్చుట మన యిండ్లలో క్రొత్తమాట కాదు. దానిని ధర్మశాస్త్రకారులు పుత్రుని పవిత్రధర్మముగా నెంచిరి. 2005 సంవత్సరమున హిందూ వారసత్వపు చట్టమును సవరించినప్పుడు శాసనకర్తలు, అటుతరువాత చేయు నప్పుల విషయమున, ఈ బాధ్యతను తొలగించిరి. అయినను పెద్దల పేర నున్న బాకీని తీర్పక తలయెత్తుకొని తిరుగ నొల్లని కుటుంబము లిప్పటికిని గలవు. అయితే ఆ ధర్మశాస్త్రకారులే యొక మినహాయింపును గూడ జెప్పిరి. జూదమునకు, మద్యమునకు, అధర్మకార్యములకు తండ్రి చేసిన యప్పును కొడుకు తీర్ప నక్కఱలేదు. అట్టిదానికి అవ్యావహారిక ఋణమని పేరు. తండ్రి దుర్వ్యసనమునకు కొడుకు నిలువనీడను గోల్పోరాదనుట దాని భావము.

ఒక కుటుంబమున కీ న్యాయము సరియే. మఱి యొక పట్టణమునకో? ఒక పురపాలక సంఘము పూర్వము తన పౌరులలోనే కొందఱి కన్యాయము చేసినదనుకొందము. ఆనాటి సభ్యులు గతించిరి. నేటి సభ్యు లా పని చేయలేదు. నేడు పన్ను చెల్లించువారిలో ననేకు లానాటికి పుట్టనే లేదు. ఆ నష్టమును పూడ్చుటకు నేటి ధనమును వెచ్చింపవచ్చునా? వెచ్చింపవలసినచో నే సంచినుండి తీయవలయును? పుచ్చుకొనువారు దానిని దానముగా పుచ్చుకొనవలయునా, హక్కుగా పుచ్చుకొనవలయునా? ఇవి పండితులు తీఱికవేళల చర్చించుకొను ప్రశ్నలు మాత్రమే కావు. అమెరికా దేశమున నొక చిన్నపట్టణము వీనికి తన జమాఖర్చుల పుస్తకములోనే సమాధానము వ్రాయ యత్నించినది.

ఆ పట్టణము పేరు ఇవాన్‌స్టన్. ఇల్లినాయి రాష్ట్రమున, షికాగో నగరమునకు ఉత్తరముగా, మిషిగన్ సరస్సు తీరమున నున్నది. 2020 జనాభా లెక్కలలో అచటి ప్రజలు సుమారు 78,000 మంది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమునకు స్థానము. విద్యకును ఉదారభావములకును పేరువడిన యూరు. అట్టి యూరిలోనే నల్లజాతివారు పడమటి భాగమున, కాలువకును రైలుకట్టకును నడుమ, 5వ వార్డు అను పేటలోనికి నెట్టబడిరి. ఇది దానంతట నది జరిగినది కాదు. 1920ల నాటి పురపాలకులు ఏ వీధి నివాసమునకు, ఏ వీధి వర్తకమునకు అని నిర్ణయించుటలో నల్లజాతివారి యిండ్లకు చోటు తగ్గించిరి. ఇండ్ల దళారులు వారికి తక్కిన వీధులలో ఇండ్లు చూపకుండిరి, బ్యాంకులు అప్పీయకుండెను. 1933లో కేంద్రప్రభుత్వము స్థాపించిన గృహఋణసంస్థ పట్టణములకు పటములు గీయించి, అప్పిచ్చుట ప్రమాదకరమని తోచిన తావులకు ఎఱ్ఱరంగు వేయించెను. ఇవాన్‌స్టన్ పటమున నా యెఱ్ఱరంగు నల్లజాతివారి పేటమీదనే పడినది. గృహముల విషయమున జాతిభేదము చూపరాదను పురశాసనము 1960ల చివరగాని రాలేదు.

దాని ఫలిత మొక్క తరముతో పోయినది కాదు. ఆ దేశమున సామాన్యకుటుంబమునకు ఇల్లే కూడబెట్టిన సొమ్ము. తాత కొన్న యింటి విలువ పెరిగి మనుమని చదువునకు, వ్యాపారమునకు అక్కఱకు వచ్చును. తగిన వీధిలో ఇల్లు కొననీయబడని తాతకు మనుమడైనవాని కేమి సంక్రమించును? అద్దెచీట్లు మాత్రమే.

2019 జూను నెలలో ఇవాన్‌స్టన్ కౌన్సిలు, వ్యవస్థలోనే పాదుకొనియున్న జాతివివక్షను నిర్మూలించి సమత్వమును సాధింతుమని యొక తీర్మానము చేసెను. ఆ మాట మంచిదే. కాని తీర్మానమునకు సిరాకంటె నధికమైన వ్యయము లేదు. మన సభలలోను ఎన్ని తీర్మానములు చప్పట్లతో పుట్టి చప్పట్లతోనే గిట్టినవో చదువరు లెఱుగుదురు. ఇవాన్‌స్టన్ ప్రశంసార్హమైనది అయిదు నెలల తరువాత చేసిన పనివలన. ఆ వేసవిలో పౌరులను సమావేశపఱచి వారి యభిప్రాయములను విని, అదే సంవత్సరము నవంబరులో కౌన్సిలు రెండవ తీర్మానము చేసెను. 2020 జనవరి 1 నుండి ఇల్లినాయిలో వయోజనులకు గంజాయి విక్రయము చట్టసమ్మతము కానుండెను. ఆ విక్రయముపై పట్టణమునకు వచ్చు 3 శాతము పన్నులో మొదటి 1 కోటి డాలర్లను నష్టపరిహారనిధికి వేఱుపఱుపవలయునని ఆ తీర్మానము. దీనికి నాయకత్వము వహించినది 5వ వార్డు సభ్యురాలు రాబిన్ రూ సిమన్స్.

ఇందలి యంతరార్థమును మన గృహిణులకు వేఱుగా బోధింప నక్కఱలేదు. నెలజీతము చేతికి రాగానే అప్పులవానికని వేఱుగా కొంగున ముడివేయని సొమ్ము నెలాఖరునకు మిగులదు. ప్రభుత్వపు ధనమును నట్టిదే. "అవకాశమును బట్టి" యిత్తుమన్న సొమ్మునకు అవకాశ మెన్నడును రాదు. రోడ్లు, జీతములు, పెన్షనులు దానిని ముందుగనే మ్రింగివేయును. ఫలానిపన్నులో మొదటి యింతసొమ్ము ఫలానివారిదని పద్దు వ్రాసినప్పుడే వాగ్దానము ఋణమగును.

ఆ పన్నునే యేఱికొనుటకు గారణము లేకపోలేదు. గంజాయి నేరమైయున్న దినములలో, జనసంఖ్యలో సుమారు ఆఱవవంతైన నల్లజాతివారే ఆ నేరమునకు అత్యధికముగా అరెస్టు చేయబడుచుండిరి. నిన్న వారిని చెఱసాలకు బంపిన వస్తువు నేడు వర్తకుల కాదాయమగుచుండగా, అందులో కొంత వారికే చెందుట న్యాయమని వాదించిరి. వాదము బాగుగనే యున్నది. అయినను నాకు మొదటినుండియు నొక సందేహము గలదు. అది క్రొత్తగా వచ్చిన సొమ్ము. అంతకుముందెవ్వరి చేతిలోను లేనిది. దానిని వేఱుపఱుచుటలో ఎవ్వరి కంచమునుండియు మెతుకు తీయవలసిన పని లేకపోయినది. అందుచేతనే యంగీకారము సులభమైనది. కాని యెవ్వరికిని భారము గాని పరిహారము నిజముగా పరిహారమా? దొరికిన నిధిలో కొంత పంచిపెట్టుట వేఱు, తానుంచుకొన్న పరధనమును మరల నిచ్చుట వేఱు.

ఈ సందేహమునకు అనుభవమే సమాధానము చెప్పినది. పట్టణమున చాలకాల మొక్కటే గంజాయి దుకాణ ముండెను. అనుకొన్న వేగమున పన్ను రాలేదు. 2022 జనవరిలో తొలివిడత పరిహారమునకు, 1969నకు పూర్వమే ఆ పట్టణమున వయోజనులై నివసించిన వృద్ధులలో 16 మందిని మాత్రమే, అంకెలు వేసిన గుండ్లతో చీట్లాటవలె తీసి, నిర్ణయింపవలసివచ్చెను. సమానమైన హక్కు గలవారిలో చీటీ వేయుట పక్షపాతము కాదు. కాని ఋణదాతల పేళ్లు చీట్లలో వేయవలసివచ్చుట ఋణగ్రస్తుని పేదఱికమును గాని, లోభమును గాని తెలుపును. ఆ వృద్ధులు వేచియుండ గలవారు కారు. తమవంతు రాకముందే కొందఱు కన్నుమూసిరి. ఆలస్యమైన న్యాయము తాతకు చేరదు. మనుమనికి చేరినను తాతకు చేరినట్లు కాదు.

అప్పుడు కౌన్సిలు రెండవ సంచికి చేయి చాచెను. 2022 సంవత్సరాంతమున, 15 లక్షల డాలర్లకు మించిన స్థావరాస్తుల విక్రయముపై వచ్చు పన్నునుండి, పదియేండ్లలో మఱి 1 కోటి డాలర్లను ఈ నిధికి చేర్ప నిశ్చయించెను. నా మట్టునకు, ఈ కథయందలి ధర్మసూక్ష్మ మిందే యున్నది. ఏ యన్యాయము కొన్ని వీధులను వెలివీధులుగా జేసెనో, అదియే తక్కిన వీధులలోని యిండ్ల విలువను కాపాడుచు వచ్చెను. ఆ విలువ నేటికిని పోలేదు, చేతులు మాఱుచున్నది. చేతులు మాఱునప్పు డందులో కొంత తీసి పరిహారమున కిచ్చుట, తప్పు నింపిన సంచినుండియే తప్పును దిద్దుట.

ఇక మొదటి ప్రశ్నకు రండు. కొడుకును విడిపించిన అవ్యావహారిక ఋణన్యాయము పట్టణమును విడిపింపదా? విడిపింపదని నా యభిప్రాయము. తండ్రి చనిపోవును, కొడుకు వేఱొక మనుష్యుడు. పురపాలక సంఘము చనిపోదు. ముప్పదియేండ్ల క్రిందటి సభ్యులు వ్రాసియిచ్చిన బాండ్లకు నేటి సభ్యులు వడ్డీ కట్టుదురు. పూర్వులు కట్టించిన నీళ్లగొట్టములను, నాటించిన తోటలను నేటివా రనుభవింతురు. లాభము వచ్చినప్పుడు నే నానాటివాడనే యనియు, బాకీ యడిగినప్పుడు నేను వేఱొకడ ననియు జెప్పుట వర్తకులలో చెల్లదు. పట్టణములకు మాత్ర మెట్లు చెల్లును? అదిగాక, జూదరి సొమ్ము జూదమున పోయినది, కొడుకునకు మిగిలినది లేదు. ఇచటనో, అన్యాయమువలన లాభించిన యాస్తి యింకను నిలిచియే యున్నది.

పుచ్చుకొనువాని గౌరవమును గూర్చి యింకొక మాట. 2021 మార్చిలో కౌన్సిలు తొలి పథకమును 8 వోట్లతో నంగీకరించెను. ఒక్క వోటు ప్రతికూలము. తలకు 25,000 డాలర్లు. కాని దానిని ఇల్లు కొనుటకు, మరమ్మతులకు, తాకట్టుబాకీ తీర్చుటకు మాత్రమే వాడవలయును. సొమ్ము నేరుగా వారి చేతి కీయబడదు. ప్రతికూలముగా వోటిచ్చిన సిసిలీ ఫ్లెమింగ్ స్వయముగా నల్లజాతి స్త్రీ. పరిహారమునకు విరోధి కాదు. ఇది గృహసహాయ పథకమేగాని పరిహారము కాదనియు, పుచ్చుకొనువారు తమ సొమ్మును తామే నడుపుకొనగలరను నమ్మక మిందు లేదనియు ఆమె యాక్షేపణ. ఆమె వోటు నాడు ఓడినది గాని, ఆమె మాట ఓడలేదు. 2023 మార్చిలో కౌన్సిలు నగదుగా నిచ్చుటకు గూడ నంగీకరించెను. బాకీ తీర్చువాడు, "ఈ సొమ్ముతో బియ్యము కొనుము, చీర కొనవద్దు" అని ఋణదాతకు నీతి చెప్పునా? చెప్పినచో వాడు తన్ను దాతగా భావించుకొనుచున్నాడన్నమాట. మనలో పేదలకు చేయు నుపకారము లనేకము ఈ భ్రమతోనే చెడుచున్నవి.

ప్రతిపక్షవాదమును గూడ న్యాయముగా వినవలయును. 2024 మే నెలలో కొందఱు ఫెడరల్ న్యాయస్థానమున ఈ పథకముపై వ్యాజ్యము వేసిరి. వారి పూర్వులును ఆ కాలమున ఆ పట్టణముననే నివసించిరి. కాని నల్లజాతివారు కారు. చట్టసమానత్వము ననుసరించి జాతినిబట్టి ధనమీయరాదనియు, వ్యక్తిగతముగా నష్టపడినట్లు ఋజువడుగకయే యిచ్చుచున్నారనియు వారి వాదము. ఈ వాదమును నవ్వి త్రోసివేయ వలనుపడదు. జాతిని చూచి యిచ్చు చేయి, రేపు జాతిని చూచియే లాగుకొనవచ్చుననుట నిజమైన భయమే. దీనికి నా ప్రత్యుత్తర మిది: ఆనాడు వీధులు మూసినవారు వ్యక్తులను విచారింపలేదు, చర్మము చూచియే మూసిరి. చర్మము చూచి చేసిన గాయమునకు, చర్మము చూడకుండ కట్టు కట్టుట యెట్లు? అయినను పరిహార మెంత యిఱుకైన నిర్వచనమున నిలిచిన నంత ధర్మ్యము. ఆ పట్టణము, 1919 మొదలు 1969 వఱకు, ఆ కాలపు నివాసులు, వారి సంతతి, అటుతరువాత పురశాసనమువలననే నష్టపడితిమని చూపగలవారు అని గిఱిగీసికొనుటయే ఈ పథకమునకు బలము. చట్టదృష్టిని అది చాలునా చాలదా యనుట న్యాయస్థానపు విచారణకు జెందిన విషయము.

పద్దు లేని వాగ్దానము నిలువదను పాఠమును మనవారును నేర్చియే యున్నారు. షెడ్యూల్డు కులముల, తెగల యభివృద్ధికి వారి జనసంఖ్యకు తగిన నిధిని వేఱుగా నుంచవలయునని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున చట్టము చేసిరి. తెలంగాణమున 2017లో చేసిన చట్టము, ఖర్చుపడక మిగిలిన సొమ్మును మఱుసటి యేటికి చేర్చుటకు గూడ నేర్పాటు చేసినది. ఇవి రాష్ట్రప్రభుత్వముల చట్టములు. ఇవాన్‌స్టన్‌ది పట్టణపు తీర్మానము. ఒకటి యభివృద్ధికి, రెండవది పరిహారమునకు. కాని రెండును పుట్టినది ఒక్క యనుభవమునుండియే: మాట యిచ్చుట సులభము, ముడివేయుట కష్టము.

కావున మన యూరి పురపాలక సంఘము ఫలానిపేటవారికి న్యాయము చేయుదుమని తీర్మానించినదని వార్త వచ్చినప్పుడు, సంతోషించుటకు ముందు మూడు ప్రశ్న లడుగుదము. ఆ న్యాయము ఏ పద్దున వ్రాయబడినది? ఆ సొమ్ము ఎవరి సంచినుండి వచ్చుచున్నది? పుచ్చుకొనువాడు చేయి చాచి నిలువవలయునా, లెక్క చూచుకొని తీసికొనవలయునా? ఇవాన్‌స్టన్ ఈ మూటికిని ఒక్కమాఱే సరియైన సమాధానము చెప్పలేదు. తప్పులు చేసినది, ఆలస్యము చేసినది, దిద్దుకొనినది. ఋణమున్నదని యొప్పుకొని కంతు లెక్క తప్పినవాడు నేడు కాకున్న రేపైనను దిద్దుకొనగలడు. ఋణమే లేదనువానికి దిద్దుకొనుటకు లెక్కయే యుండదు.